పేరు ఒకచోట, ఇల్లు మరోచోట: మన వెబ్‌సైట్‌ను మన చేత్తో నిలబెట్టడం

మా పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనానికి ఇంకా తొమ్మిది రోజులుందనగా వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది: "ఒరేయ్, మన సైట్ ఓపెన్ అవట్లేదు." కార్యక్రమం వివరాలు, ఎవరెవరు వస్తున్నారో పేర్లు, పాత ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. హోస్టింగ్‌కు మూడేళ్ల డబ్బు ముందే కట్టేశాం కదా అని రెండు రోజులు ఆ హోస్టింగ్ వాళ్లనే ఫోన్లో తిట్టిపోశాం. పాపం, వాళ్ల తప్పేమీ లేదు. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయింది పేరు. సైట్ తయారుచేసిన కుర్రాడు డొమైన్ పేరును తన సొంత మెయిల్‌తో కొన్నాడు, తర్వాత ఉద్యోగం వచ్చి పుణే వెళ్లిపోయాడు. రెన్యువల్ చేయమంటూ వచ్చిన మెయిళ్లన్నీ అతను చూడని ఇన్‌బాక్స్‌లో పడుతూ వచ్చాయి. గడువు దాటి దాదాపు రెండు నెలలైంది. ఆ రెండు నెలలూ మాలో ఒక్కరూ సైట్ ముఖం చూడలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

అతన్ని వాళ్ల పెదనాన్న ద్వారా పట్టుకుని, మామూలు రెన్యువల్ కంటే చాలా ఎక్కువ కట్టి పేరు వెనక్కి తెచ్చుకున్నాం. ఆ తర్వాత సైట్ బాధ్యత నా మెడకు చుట్టుకుంది. అప్పటికి నాకు తెలిసింది అంతంతమాత్రమే. నేర్చుకున్నదాన్ని, చేసిన వరసలోనే చెబుతున్నాను. ఆదేశాలు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టాలి.

ముందుగా మూడింటిని విడదీసి చూడండి

"వెబ్‌సైట్" అని ఒక్క మాటలో అంటాం గానీ అందులో మూడు వేరువేరు సంగతులున్నాయి. ఒకటి పేరు, అంటే డొమైన్. దీన్ని రిజిస్ట్రార్ అనే కంపెనీ దగ్గర ఏడాదికి ఇంతని కట్టి మన పేరున ఉంచుకుంటాం. రెండోది చోటు, అంటే హోస్టింగ్. ఎప్పుడూ కరెంటులో, ఎప్పుడూ ఇంటర్నెట్‌లో ఉండే ఒక కంప్యూటర్‌లో మన వాటా. మూడోది సరుకు, అంటే పేజీలు, ఫొటోలు, ఉంటే డేటాబేస్. ఈ మూడూ ఒకే కంపెనీ దగ్గర కొన్నా సరే, లోపల మాత్రం దేని బిల్లు దానిదే, దేని జబ్బు దానిదే. సైట్ ఆగిపోయినప్పుడు ఈ మూడింటిలో ఏది ఆగిందో చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

మొదటి మెట్టు: మీ లాప్‌టాప్‌నే సర్వర్ చేసి చూడండి

సర్వర్ అనగానే చల్లటి గదిలో నీలం లైట్లు మెరుస్తున్న బీరువాలు గుర్తొస్తాయి. ప్రపంచంలో మొదటి వెబ్ సర్వర్ మాత్రం ఒక బల్ల మీద కంప్యూటరే. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనా కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ 1990లో నెక్స్ట్ కంపెనీ కంప్యూటర్ మీద దాన్ని నడిపాడు. ఎవరైనా పొరపాటున ఆపేస్తారేమోనని, ఇది సర్వర్, ఆపొద్దు అని ఎర్ర ఇంకుతో రాసిన చీటీ దానికి అంటించి ఉండేది. అడిగినవాడికి అడిగిన ఫైల్ తీసి ఇచ్చే ప్రోగ్రామ్, అది నడిచే కంప్యూటర్. సర్వర్ అంటే ఇంతే.

మీరే చేసి చూడండి. లాప్‌టాప్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉండాలి, లేకపోతే ఉచితంగా ఎక్కించుకోవచ్చు. ఒక కొత్త ఫోల్డర్ పెట్టి అందులో ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ అనే ఫైల్ తయారుచేయండి. నోట్‌ప్యాడ్‌లో "మా బ్యాచ్ సమ్మేళనం" అని ఒక్క ముక్క రాసినా చాలు. ఆ ఫోల్డర్‌లోనే టెర్మినల్, అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీ తెరిచి ఈ ఆదేశం ఇవ్వండి:

పైథాన్3 -ఎం హెచ్‌టీటీపీ.సర్వర్ 8000

విండోస్‌లో అయితే చివరి 3 లేకుండా పైథాన్ అంటే సరిపోతుంది. బయటి కనెక్షన్లను అడ్డుకునే ఫైర్‌వాల్ అనుమతి అడిగితే ఇంటి నెట్‌వర్క్ వరకు ఒప్పుకోండి. ఇప్పుడు లాప్‌టాప్ లోకల్ అడ్రస్ కనుక్కోవాలి. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొడితే 192.168తో మొదలయ్యే అంకె కనబడుతుంది. 192.168.1.5 అనుకుందాం. అదే వైఫైలో ఉన్న మీ ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.5:8000 అని కొట్టండి. లాప్‌టాప్‌లో రాసింది ఫోన్లో కనిపిస్తుంది.

ఫోన్ పక్కన పెట్టి టెర్మినల్ చూడండి, అసలు సరదా అక్కడుంది. కొత్తగా ఒక వరస పడి ఉంటుంది: మీ ఫోన్ అడ్రస్, తేదీ, "గెట్" అనే మాట, చివర 200 అనే అంకె. గెట్ అంటే ఇవ్వమని అడగడం. 200 అంటే ఇచ్చాను అని జవాబు. దాని కిందే ఫేవికాన్ అని మరో వరస, చివర 404 ఉండొచ్చు. మీరు అడగలేదు, బ్రౌజరే తన ట్యాబ్ మీద పెట్టుకోవడానికి చిన్న బొమ్మ ఉందా అని అడిగింది, లేదని సర్వర్ చెప్పింది. ఫోన్లో లేని పేజీ పేరు ఏదో ఒకటి కొట్టి చూడండి, ఇంకో 404 పడుతుంది. ప్రపంచంలో ఎంత పెద్ద సైటైనా లోపల జరిగేది ఈ అడగడం, ఇవ్వడమే. నేను దీన్ని మొదటిసారి చూసినప్పుడు పది నిమిషాలు ఊరికే పేజీ రీఫ్రెష్ కొడుతూ కూర్చున్నాను.

అడ్రస్ చివర 8000 అని పెట్టామే, దాన్ని పోర్ట్ అంటారు. ఒకే కంప్యూటర్ మీద రకరకాల సేవలు నడుస్తాయి గనక ఒక్కోదానికి ఒక్కో కిటికీ, బ్యాంకులో కౌంటర్ నంబర్ లాగా. మామూలు వెబ్‌కు 80, తాళం గుర్తున్న వెబ్‌కు 443, దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లడానికి 22. 80, 443 బ్రౌజర్‌కు ముందే తెలుసు కాబట్టి మనం రాయక్కర్లేదు.

అలాగైతే ఇంట్లోంచే నడిపేద్దామా

అందరికీ వచ్చే ఆలోచనే, నాకూ వచ్చింది. కరెంటు పోతుంది, లాప్‌టాప్ మూసేస్తాం, ఇవన్నీ సరే. అసలు అడ్డంకి వేరే ఉంది. 192.168 అనేది ఇంటి లోపలి అడ్రస్. మీ ఇంట్లో ఉన్నట్టే పక్కింట్లోనూ ఉంటుంది, బయటివాళ్లకు దాంతో పనిలేదు. బయటి అడ్రస్సులు పాత పద్ధతిలో మొత్తం దాదాపు 430 కోట్లే. ప్రపంచ స్థాయి నిల్వ 2011లోనే పంచడం అయిపోయింది. అందుకని చాలా ఇంటర్నెట్ కంపెనీలు బోలెడు ఇళ్లను ఒకే బయటి అడ్రస్ వెనక కూర్చోబెడుతున్నాయి. మీ రౌటర్ సెట్టింగ్స్‌లో బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరూ ఆ గుంపులో ఉన్నట్టే. మీరు బయటికి వెళ్లగలరు గానీ బయటివాళ్లు మీ ఇంటి తలుపు తట్టలేరు. అందుకే చోటు అద్దెకు తీసుకోవాలి.

రెండో మెట్టు: ఏ రకం చోటు కావాలో తేల్చుకోండి

మీ సైట్‌లో లాగిన్లు, ఆర్డర్లు, పేమెంట్ లాంటివి లేకుండా, చూసి చదువుకునే పేజీలే ఉంటే, దాన్ని స్టాటిక్ సైట్ అంటారు. దీనికి డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్, నెట్లిఫై ఉచితంగానే చోటిస్తాయి. సమ్మేళనం, పెళ్లి, ఊరి గుడి, ట్యూషన్ సెంటర్, చిన్న దుకాణం పరిచయం, వీటన్నిటికీ ఇదే చాలు. చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుందని పెద్ద సర్వర్ తీసుకుని నెలనెలా కట్టేవాళ్లను చూశాను. అనవసరం. గిట్‌హబ్ పేజెస్‌లో సైట్ మొత్తం 1 జీబీ దాటకూడదు, నెలకు 100 జీబీ వరకు రాకపోకలు అని మెత్తటి పరిమితి ఉంది. కిందికి వచ్చాక ఈ అంకెలతో పనుంది, గుర్తుపెట్టుకోండి.

కోడ్ రాయకుండా సైట్ నడుపుకునే వర్డ్‌ప్రెస్ లాంటి సాఫ్ట్‌వేర్ కావాలంటే షేర్డ్ హోస్టింగ్. ఒక ఇంటిని పది వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు, ఒకే సర్వర్‌లో వందల సైట్లుంటాయి. సీప్యానెల్ అనే పేజీలో లాగినై పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ అనే ఫోల్డర్‌లో ఫైళ్లు పెడితే సైట్ సిద్ధం. చవక, సులువు. పక్క వాటా వాళ్లు నీళ్లన్నీ తోడేస్తే మన కుళాయి సన్నబడుతుంది, అంతే ఇబ్బంది. ప్యాకేజీ మీద "అన్‌లిమిటెడ్" అని ఉంటే కిందున్న చిన్న అక్షరాలు చదవండి. స్థలానికి పరిమితి లేకపోయినా ఫైళ్ల సంఖ్యకు, ప్రాసెసర్ వాడకానికి పరిమితి సాధారణంగా ఉంటుంది.

మూడోది వీపీఎస్, అంటే వర్చువల్ ప్రైవేట్ సర్వర్. ఒక పెద్ద యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో గదులుగా విడగొట్టి, ఒక గది తాళం పూర్తిగా మీకిస్తారు. లోపల ఏం పెట్టుకున్నా మీ ఇష్టం, ఊడ్చుకోవడం కూడా మీ పనే. క్లౌడ్ అనే మాట విని భయపడకండి. సామాన్యుడి అవసరం వరకు అది గంటల లెక్కన బిల్లు వేసే వీపీఎస్. గంటల లెక్క కాబట్టి వాడటం మానేశాక యంత్రాన్ని తొలగించడం మరిచిపోతే బిల్లు పెరుగుతూనే ఉంటుంది.

చోటు ఏ ఊళ్లో ఉందన్నది కూడా చూడాలి. అమెజాన్ క్లౌడ్‌కు ముంబయిలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి కేంద్రాలున్నాయి. డిజిటల్‌ఓషన్‌కు బెంగళూరులో ఉంది. దూరం ఎందుకు ముఖ్యమో లెక్క వేసి చూద్దాం. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి ముంబయి 620 కిలోమీటర్లు, పోయి రావడానికి 6 మిల్లీసెకన్లు. అమెరికాలోని డాలస్ సుమారు 14,000 కిలోమీటర్లు, పోయి రావడానికి కనీసం 140. తీగలు చుట్టు తిరిగి పోతాయి కాబట్టి నిజానికి 200 పైనే. సురక్షితమైన పేజీ తెరవాలంటే మామూలుగా ఇలాంటి రాకపోకలు మూడు కావాలి: కనెక్షన్ కలపడానికి ఒకటి, తాళం చెవులు మార్చుకోవడానికి ఒకటి, పేజీ అడగడానికి ఒకటి. అంటే మొదటి అక్షరం కనబడే ముందే అర సెకనుకు పైగా దారిలోనే పోతుంది. చూసేవాళ్లు ఎక్కడుంటే చోటు అక్కడ తీసుకోండి. మా బ్యాచ్‌లాగా సగం ఇక్కడ, సగం అమెరికాలో ఉంటే సీడీఎన్ మేలు. అది మన ఫైళ్ల నకళ్లను రకరకాల నగరాల్లో దాచి, అడిగినవాళ్లకు దగ్గర్లో ఉన్నదాన్నుంచి ఇస్తుంది. పైన చెప్పిన మూడు ఉచిత సేవల్లోనూ ఇది కలిసే వస్తుంది.

మూడో మెట్టు: పేరు కొనడం

మా గాయం ఇక్కడిదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను. పేరు కొనేది ఎవరి మెయిల్‌తోనో, ఎవరి లాగిన్‌తోనో, యజమాని వాళ్లే. సైట్ చేసిపెట్టినవాళ్లు "నేనే కొనేస్తాలెండి అంకుల్" అంటే వద్దనండి. మీరే లాగినై, మీరు రోజూ చూసే మెయిల్ ఇచ్చి, మీ కార్డుతో కట్టండి. తర్వాత వాళ్లకు కావాల్సిన మార్పులు మీరే చేసి ఇవ్వొచ్చు.

"మొదటి ఏడాది 99 రూపాయలే" అన్నది చూసి మురిసిపోకండి, రెండో ఏడాది ధర ఎంతో పక్కనే వెతికి చూడండి. జీఎస్టీ వేరే. ఆటో రెన్యువల్ పెట్టుకోండి, ఆ కార్డు గడువు తీరిపోతే అదీ పనిచేయదు కాబట్టి క్యాలెండర్‌లో కూడా రాసుకోండి.

మరిచిపోతే ఏమవుతుందంటే, డాట్ కామ్ పేర్లకు గడువు దాటాక రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల వరకు మామూలు ధరకే రెన్యువల్ దొరకొచ్చు. సైట్ మాత్రం అంతకుముందే ఆగిపోతుంది. ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్. పేరు అప్పటికీ పాత యజమానిదే, కాకపోతే విడిపించుకోవడానికి భారీ రుసుము. తాకట్టు కొట్టులో వడ్డీ కట్టి నగ తెచ్చుకున్నట్టు. అదీ దాటితే 5 రోజుల తర్వాత పేరు బజారులోకి వచ్చేస్తుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. మేం రిడెంప్షన్‌లో ఉండగా మేలుకున్నాం.

తెలుగు లిపిలోనే ".భారత్"తో ముగిసే పేర్లు కూడా కొనుక్కోవచ్చు. డాట్ ఇన్ పేర్లను చూసే నిక్సీ సంస్థే వీటినీ చూస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కానీ ఫోన్లో చెప్పేటప్పుడు, తెలుగు కీబోర్డు లేని కంప్యూటర్లో కొట్టేటప్పుడు ఇబ్బంది. రెండూ కొని తెలుగు పేరును ఇంగ్లిష్ పేరుకు మళ్లించడం నాకు నచ్చిన పద్ధతి.

నాలుగో మెట్టు: పేరుకీ చోటుకీ ముడి వేయడం

కంప్యూటర్లకు పేర్లు తెలియవు, అంకెలే తెలుసు. పేరు చెబితే అంకె చెప్పే వ్యవస్థ డీఎన్ఎస్. పాల్ మోకపెట్రిస్ 1983లో దీన్ని రూపొందించాడు. ఇది పనిచేసే తీరు కొత్త ఊళ్లో ఇల్లు వెతికినట్టే ఉంటుంది. బస్టాండులో అడిగితే ఏ వీధో చెబుతారు. వీధి మొదట్లో కిళ్లీ కొట్టులో అడిగితే ఎన్నో ఇల్లో చెబుతారు. మన పేరు మాబడి98.ఇన్ అనుకుందాం. ముందు రూట్ సర్వర్లు "డాట్ ఇన్ వాళ్లు ఫలానా చోట ఉంటారు, వాళ్లనడుగు" అంటాయి. డాట్ ఇన్ సర్వర్లు "ఆ పేరు సంగతి ఫలానా నేమ్‌సర్వర్‌కు తెలుసు" అంటాయి. ఆ నేమ్‌సర్వర్ అంకె చెబుతుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. మధ్యలో ఉన్నవాళ్లు ఆ జవాబును కొంతసేపు గుర్తుపెట్టుకుంటారు కూడా.

మీరు చేయాల్సింది రిజిస్ట్రార్ సైట్‌లో డీఎన్ఎస్ పేజీ తెరిచి రికార్డులు రాయడం. 'ఏ' రికార్డ్ అంటే పేరు నుంచి అంకెకు. సీనేమ్ అంటే పేరు నుంచి ఇంకో పేరుకు. గిట్‌హబ్ పేజెస్ అయితే ముందు దాని సెట్టింగ్స్‌లో మీ పేరు రాసి, డీఎన్ఎస్‌లో 'ఏ' రికార్డులు నాలుగు పెట్టాలి: 185.199.108.153, మూడో భాగం 109, 110, 111గా మార్చి మిగతా మూడు. ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న పేరు నుంచి మీ గిట్‌హబ్ చిరునామాకు ఒక సీనేమ్. ఎంఎక్స్ అనేవి మెయిల్‌కు సంబంధించినవి, ఆ పేరు మీద మెయిల్ వాడుతుంటే వాటి జోలికి పోకండి.

ప్రతి రికార్డ్ పక్కనా టీటీఎల్ అని సెకన్లలో ఒక అంకె ఉంటుంది. జవాబును ఎంతసేపు గుర్తుపెట్టుకోవచ్చో అది చెబుతుంది. 3600 అంటే గంట. "మార్చాను, నాకు వస్తోంది, మా ఆవిడ ఫోన్లో పాతదే వస్తోంది" అనే తికమకకు కారణం ఇదే. చోటు మారబోతుంటే ముందురోజే దాన్ని 300కు తగ్గించి పెట్టుకోండి. మారాక పాత చోటును వెంటనే ఖాళీ చేయకుండా రెండు రోజులు ఉంచండి.

ఐదో మెట్టు: వీపీఎస్ తీసుకున్నవాళ్లకు

ఉచిత స్టాటిక్ చోటుతో సరిపెట్టుకున్నవాళ్లు ఈ మెట్టు దాటేయొచ్చు. వీపీఎస్‌లో ఉబుంటు అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో దీర్ఘకాలిక రకం (ఎల్‌టీఎస్) ఎంచుకోండి, అయిదేళ్లు భద్రతా మార్పులు వస్తాయి. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లాక మొదటి పని సాఫ్ట్‌వేర్‌ను తాజా చేయడం: సుడో ఆప్ట్ అప్‌డేట్, తర్వాత సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్ అనే ఆదేశాలు. రెండో పని వెబ్ సర్వర్. 1995 నుంచి ఉన్న అపాచీ ఒకటి, రష్యన్ ప్రోగ్రామర్ ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఎంజిన్‌ఎక్స్ ఒకటి. ఒకేసారి వేలమంది వచ్చినా తక్కువ మెమరీతో నెట్టుకొస్తుందని నేను రెండోదే తీసుకున్నాను. పలకడం అలా పలుకుతాం గానీ రాసేటప్పుడు ఎన్, జి, ఐ, ఎన్, ఎక్స్ అనే అయిదు అక్షరాలే. నేను "ఇంజిన్" స్పెల్లింగ్ కొట్టి చాలాసేపు గింజుకున్నాను.

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎంజిన్‌ఎక్స్ అన్నాక బ్రౌజర్‌లో సర్వర్ అంకె కొడితే స్వాగత పేజీ వస్తుంది. మీ ఫైళ్లు పెట్టాల్సిన చోటు, వార్ అనే ఫోల్డర్‌లో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ, అందులో హెచ్‌టీఎంఎల్. సెట్టింగుల ఫైల్‌లో ఏది మార్చినా సుడో ఎంజిన్‌ఎక్స్ -టీ అని పరీక్షించి, బాగుందని చెప్పాకే రీలోడ్ చేయండి. ఒక్క సెమికోలన్ మరిచిపోయినా మొరాయిస్తుంది.

ఫైర్‌వాల్ పెట్టేటప్పుడు 22, 80, 443 పోర్టులకు ముందు అనుమతి ఇచ్చి, ఆ తర్వాతే దాన్ని ఆన్ చేయండి. వరస తిరగబడితే మీరే బయట నిలబడి తలుపు కొట్టుకోవాలి. ఇంకో సంగతి. యంత్రం మొదలైన కాసేపటికే లాగ్ ఫైల్‌లో ముక్కూమొహం తెలియని అడ్రస్సులు రూట్, అడ్మిన్, టెస్ట్ అనే పేర్లతో లాగిన్ ప్రయత్నాలు చేస్తుంటాయి. మీ మీద పగ ఉండి కాదు, అవి వీధిలో ప్రతి తలుపూ తోసి చూసే యంత్రాలు. పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి, మీ లాప్‌టాప్‌లో తాళం చెవిలా దాచుకునే కీ ఫైల్‌తో మాత్రమే లోపలికి వచ్చేలా పెట్టుకుంటే నిద్ర పడుతుంది. అయితే కీతో లాగిన్ అవుతోందని రెండో టెర్మినల్‌లో చూసుకున్నాకే పాస్‌వర్డ్ ఆపండి.

ఆరో మెట్టు: తాళం గుర్తు

అడ్రస్ పక్కన కనిపించే ఆ గుర్తు లేకపోతే బ్రౌజర్ "సురక్షితం కాదు" అంటుంది, బంధువులు ఫోన్ చేసి టెన్షన్ పడతారు. ఆ గుర్తు రావడానికి కావాల్సిన సర్టిఫికెట్ కొనమని ప్యాకేజీలో అంటగడితే వద్దనండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఉచితంగా ఇస్తోంది. వీపీఎస్‌లో సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ ఎక్కిస్తే అదే తెచ్చి పెడుతుంది. 90 రోజుల గడువుతో ఇచ్చే సర్టిఫికెట్‌ను నెల రోజులుందనగా అదే మార్చేస్తుంది. గిట్‌హబ్ పేజెస్ లాంటి చోట్ల సెట్టింగ్స్‌లో ఒక టిక్కు పెడితే చాలు. ఒకటే షరతు, పేరు ముందే మీ చోటుకు ముడిపడి ఉండాలి. ఆ పేరు మీదేనా అని వాళ్లు వచ్చి తలుపు తట్టి చూస్తారు. ముడి పడకముందే కంగారుపడి మళ్లీమళ్లీ ప్రయత్నిస్తే గంటలో అయిదుసార్లు తప్పాక కాసేపు ఆగమంటారు.

ఏడో మెట్టు: సరుకు సర్దడం

తెలుగు పేజీలకు ఒక ప్రత్యేకమైన తిప్పలు ఉంది. పేజీ పైన క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని చెప్పకపోతే తెలుగు అక్షరాల స్థానంలో నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ 'ఏ', డిగ్రీ గుర్తు, ప్లస్-మైనస్ గుర్తు వరసకట్టి కనిపిస్తాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర చిహ్నానికి మూడు బైట్లు. బ్రౌజర్ ఆ మూడింటినీ మూడు వేరే అక్షరాలుగా చదివేస్తే వచ్చే గోల ఇది. ఫైల్ కూడా యూటీఎఫ్-8లోనే సేవ్ చేయాలి. అదే కారణంతో ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టొద్దంటాను. "తెలుగు" అన్న మాటలో గుణింతం గుర్తులతో కలిపి ఆరు చిహ్నాలు, పద్దెనిమిది బైట్లు. వాట్సాప్‌లో లింక్ కాపీ చేస్తే శాతం గుర్తులతో కలిపి 54 అక్షరాల తోరణమై వేలాడుతుంది.

మీ విండోస్ లాప్‌టాప్‌లో అన్నీ కనబడి, సర్వర్‌లో సగం ఫొటోలు మాయమైతే ఫైల్ పేర్లు చూడండి. విండోస్‌కు పెద్దక్షరాల జేపీజీ, చిన్నక్షరాల జేపీజీ ఒకటే. సర్వర్‌లో ఉండే లైనక్స్‌కు అవి వేరువేరు. అన్నీ చిన్నక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

ఇక ఫొటోల బరువు. మావి 300 ఫొటోలు, ఫోన్లోంచి తీసినవి తీసినట్టు ఒక్కోటి 5 ఎంబీ. మొత్తం 1.5 జీబీ, ఉచిత చోటు పరిమితి అక్కడే దాటిపోయింది. మా బ్యాచ్‌లో 120 మందీ అన్నీ చూస్తే 180 జీబీ. వెడల్పు 1600 పిక్సెళ్లకు తగ్గించాక ఒక్కోటి 300 కేబీ అయింది. మొత్తం 90 ఎంబీ, అందరూ చూసినా 11 జీబీ లోపే. ఫోన్లో చూసేవాళ్లకు తేడా తెలియదు. సైట్ నెమ్మదిగా ఉందని ఖరీదైన ప్యాకేజీకి మారేవాళ్లు ముందు ఈ పని చేసి చూడాలి.

వెబ్ ఫోల్డర్‌లో పెట్టిన ప్రతి ఫైలూ వీధి అరుగు మీద పెట్టినట్టే. ఎక్కడా లింక్ ఇవ్వలేదు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకోకూడదు. మా పాత సైట్‌లో అందరి ఫోన్ నంబర్లున్న ఎక్సెల్ షీట్, సైట్ మొత్తం జిప్ చేసిన బ్యాకప్ అలాగే పడి ఉన్నాయి. వాటిని తీసి నా పెన్‌డ్రైవ్‌లోకి మార్చాను. బ్యాకప్ ఉండాల్సింది అసలు సర్వర్‌లో కాదు, వేరే చోట. ఏడాదికోసారైనా దాన్ని విప్పి లాప్‌టాప్‌లో పైథాన్ సర్వర్ మీద నడుస్తోందో లేదో చూడాలి.

సైట్ ఆగిపోతే ఎటునుంచి వెతకాలి

పేరు నుంచి మొదలుపెట్టండి. టెర్మినల్‌లో ఎన్ఎస్‌లుకప్ అని కొట్టి పక్కన మీ డొమైన్ పేరు ఇవ్వండి. అంకె రాకపోతే గొడవ పేరుదే: గడువు తీరిందా, రికార్డు చెరిగిందా చూడండి. హోస్టింగ్ వాళ్లకు ఫోన్ చేయకండి. అంకె వచ్చింది గానీ అది మీ చోటు అంకె కాకపోతే కూడా పేరు వైపే వెతకాలి.

అంకె సరిగ్గా ఉండి, బ్రౌజర్ చాలాసేపు తిరిగి తిరిగి "టైమ్ అవుట్" అంటే యంత్రం ఆగి ఉండాలి, లేదా ఫైర్‌వాల్ అడ్డుపడి ఉండాలి. వెంటనే "కనెక్షన్ నిరాకరించారు" అంటే యంత్రం బతికే ఉంది, లోపల వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ నడవడం లేదు. ఈ రెంటికీ తేడా తెలిస్తే గంటలు మిగులుతాయి.

అంకెల జవాబు వస్తే సంతోషించండి, సర్వర్ మాట్లాడుతోంది. 404 అంటే ఆ పేరుతో ఫైల్ లేదు. 403 అంటే ఉండొచ్చు గానీ చూపించే అనుమతి లేదు, ఎక్కువసార్లు ఫోల్డర్ పర్మిషన్ల పొరపాటు. 500 అంటే మీ ప్రోగ్రామ్‌లో తప్పు, ఎర్రర్ లాగ్ చదవాలి. 502 అంటే గుమ్మంలో ఎంజిన్‌ఎక్స్ నిలబడే ఉంది, వెనక వంటగదిలో ఉండాల్సిన ప్రోగ్రామ్ పలకడం లేదు. 503 అంటే ప్రస్తుతానికి సేవ అందుబాటులో లేదు, రద్దీ ఎక్కువైనా, మరమ్మతు జరుగుతున్నా ఇదే వస్తుంది.

మా సమ్మేళనం అనుకున్న రోజునే జరిగింది. ఆ సాయంత్రం గ్రూపులో కొత్త ఫొటోల లింక్ పెట్టాను, అందరూ ఒకేసారి తెరిచారు, ఏమీ కాలేదు. మర్నాడు ఒక కాగితం మీద పేరు ఏ రిజిస్ట్రార్ దగ్గర ఉంది, ఏ మెయిల్‌తో ఉంది, గడువు ఏ తేదీ, చోటు ఎక్కడ, బ్యాకప్ ఎక్కడ అని అయిదు వరసలు రాసి ఫొటో తీసి మరో ఇద్దరికి పంపాను. పాస్‌వర్డ్‌లు అందులో రాయలేదు, రెన్యువల్ మెయిళ్లు మాత్రం ఇప్పుడు ముగ్గురికీ వెళ్తాయి. వచ్చే గడువు సంక్రాంతికి నాలుగు రోజుల ముందు.